డచెస్ గారి టీ బల్ల మీద పంచదార ఎక్కడిది?

కొరియన్ వెబ్‌టూన్లు, అంటే ఫోన్‌లో చదివే బొమ్మల కథలు, అలవాటున్నవాళ్ళకి ఈ ప్యానెల్ కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. గులాబీ తోటలో తెల్ల బల్ల. దాని మీద మూడంతస్తుల ప్లేట్ల స్టాండు, రంగురంగుల మాకరాన్లు, బంగారు అంచు పింగాణీ కప్పులు, గిన్నె నిండా చతురస్రంగా కోసిన పంచదార ముక్కలు. నల్ల గౌను మీద తెల్ల ఏప్రన్ కట్టుకున్న పనిమనిషి వెనకాల నిలబడి ఉంటుంది. మార్క్విస్ అనే బిరుదున్న ప్రభువు గారి కూతురు కప్పు పైకెత్తి, తియ్యగా నవ్వుతూ కథానాయిక మీద ఒక పుల్లవిరుపు మాట విసురుతుంది. గేటు బయటేమో ఇనప కవచాలు తొడుక్కున్న నైట్లు కత్తులు పట్టుకుని కాపలా కాస్తుంటారు.

ఇది ఏ కాలం కథ అని అడిగితే చాలామంది తడుముకోకుండా "మధ్యయుగాల యూరప్" అంటారు. ఆ బల్ల మీద మధ్యయుగాల వస్తువు దాదాపు ఒక్కటీ లేదు. యూరప్‌కి టీ వచ్చిందే 17వ శతాబ్దంలో. శామ్యూల్ పీప్స్ అనే లండన్ అధికారి జీవితంలో మొదటిసారి టీ తాగానని డైరీలో రాసుకున్నది 1660లో. గట్టి పింగాణీని యూరప్‌లో మొట్టమొదట తయారుచేసిన జర్మనీలోని మైసెన్ కార్ఖానా 1710లో మొదలైంది. సాయంత్రం పూట టీ, చిరుతిళ్ళతో పొద్దుపుచ్చే అలవాటును బెడ్‌ఫర్డ్ డచెస్ (డ్యూక్ అనే పెద్ద ప్రభువు భార్య) అన్నా పేరు మీద చెప్తారు, అది 1840 ప్రాంతం మాట. పంచదార ముక్కలకు మొరావియాలోని (ఇప్పటి చెక్ దేశంలోది) ఒక చక్కెర మిల్లు మేనేజరు పేటెంటు తీసుకున్నది 1843లో. పనిమనిషికి నలుపు తెలుపు యూనిఫాం కూడా 19వ శతాబ్దపు పద్ధతే. అంతకుముందు పనమ్మాయిలు చాలాసార్లు యజమానురాలు కట్టి వదిలేసిన గౌన్లే వేసుకునేవారు. మధ్యలో క్రీమ్ పెట్టి రెండు బిళ్ళలు అతికించిన మాకరాన్ ఇంకా ఇటీవలిది. గేటు బయటి నైట్ల కవచాలు మాత్రం ఏ 15వ శతాబ్దానివో.

ఒక్క బొమ్మలో నాలుగైదు వందల ఏళ్ళు కలిసిపోయాయి. అయితే ఏమిటట? ఇది ఫ్యాంటసీ. ఆ లోకంలో డ్రాగన్లున్నాయి, చచ్చినవాళ్ళు పదేళ్ళు వెనక్కి వెళ్ళి మళ్ళీ బతుకుతారు, నవల చదువుతూ ప్రాణం పోయిన ఆఫీసు ఉద్యోగిని అదే నవల్లో విలన్‌గా కళ్ళు తెరుస్తుంది. ఇవన్నీ ఒప్పుకున్నవాళ్ళం పంచదార ముక్క దగ్గర ఎందుకు పేచీ పెట్టాలి?

పెట్టక్కర్లేదు, నిజమే. కానీ ఈ వాదన నడిచేటప్పుడు రెండు వేరువేరు ప్రశ్నలు కలగాపులగమైపోతాయి. ఫలానా వస్తువు ఫలానా కాలంలో ఉండేదా అన్నది ఒకటి. ఆ వస్తువు ఈ లోకంలో ఉందంటే, దాన్ని ఎవరు చేశారు, ఎవరు మోశారు, ఎవరు డబ్బు కట్టారు అన్నది రెండోది. మొదటిదానికి ఫ్యాంటసీ జవాబు చెప్పనవసరం లేదు. రెండోదానికి చెప్పకపోతే మాత్రం లోకం అట్టముక్కల సెట్‌లా తేలిపోతుంది. ఎక్కువమంది పాఠకులు మొదటిదాని మీద గొడవపడతారు. నాకు మాత్రం అసలు సరుకంతా రెండోదాంట్లోనే ఉందనిపిస్తుంది.

పంచదార సంగతే చూద్దాం. 18వ శతాబ్దపు ఇంగ్లండులో సంపన్నుల ఇంట్లో పంచదార ముక్కలుగా రాదు. నీలిరంగు కాగితం చుట్టిన, పొడవాటి శంకువు లాంటి గట్టి దిమ్మగా వస్తుంది. నీలిరంగు పక్కన తెలుపు ఇంకాస్త తెల్లగా కనపడుతుంది కాబట్టి ఆ కాగితం. దాన్ని ఇనప కత్తెర లాంటి పనిముట్టుతో పుటుక్కు పుటుక్కున విరగ్గొట్టాలి. టీ ఆకు ఉండేది తాళం వేసిన చిన్న పెట్టెలో. ఆ తాళంచెవి ఇంటావిడ దగ్గరుంటుంది, వంటమనిషికి ఇవ్వరు. టీ ఖరీదు అలాంటిది మరి. దాని మీద పన్ను ఎంత ఎక్కువంటే, దొంగచాటుగా ఒడ్డుకు చేరే టీ పెద్ద వ్యాపారమైపోయింది. 1784లో బ్రిటిష్ పార్లమెంటు ఆ పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించేదాకా స్మగ్లర్లకు పండగే.

ఈ వివరాల్లో కథ ఎంతుందో చూడండి. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే ఇంట్లో అధికారం ఎవరిదో తెలిసిపోతుంది. కొత్తగా పెళ్ళయి వచ్చిన డచెస్‌కి అత్తగారు టీ పెట్టె తాళం ఇవ్వలేదనుకోండి, "ఈ ఇంట్లో నీ స్థానం ఇది" అని డైలాగు చెప్పించే పనే ఉండదు. తెలుగింట్లో బీరువా తాళాల గుత్తి ఎవరి బొడ్లో ఉంటుందో చూసి పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా? వెబ్‌టూన్లలో మాత్రం టీ ఎప్పుడూ ఉంటుంది, ఎంతైనా ఉంటుంది. కథానాయికను అవమానించడానికి ఆమె నెత్తిన కప్పుడు టీ కుమ్మరిస్తారు. టీ అంత ప్రియమైన చోట ఆ పని చేసిన మనిషికి పొగరుతో పాటు డబ్బు మదం కూడా ఉన్నట్టు. ఆ రెండో అర్థం బొమ్మలోకి రావడం లేదు.

పంచదార వెనక ఇంతకంటే బరువైన చరిత్ర ఉంది. ఆ తీపి కరీబియన్ దీవుల్లో ఆఫ్రికన్ బానిసల చేత చేయించిన చెరుకు సాగు నుంచి వచ్చింది. 1791లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని ఆపే బిల్లును తిరస్కరించినప్పుడు, మామూలు కుటుంబాలు పంచదార కొనడం మానేశాయి. అలా మానేసినవాళ్ళు దాదాపు 3 లక్షల మంది ఉంటారని ఉద్యమకారుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా వేశాడు. ఇంట్లో సరుకుల నిర్ణయం ఆడవాళ్ళది కాబట్టి, ఓటు లేని ఆడవాళ్ళకి టీ బల్లే రాజకీయ వేదికైంది. 1820ల నాటి పంచదార గిన్నెలు కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. వాటి మీద "ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదు" అని రాసి ఉంటుంది. కిందనే ఒక లెక్క: ఆరు కుటుంబాలు వెస్టిండీస్ చక్కెర మాని ఈస్టిండియా చక్కెర వాడితే ఒక బానిస అవసరం తగ్గుతుందని. ఆ ఈస్టిండియా అంటే మన దేశమే. ఇక్కడి పొలాల్లో మాత్రం వెట్టి లేదా అని మనం అడగొచ్చు, ఆ గిన్నె చేయించినవాళ్ళకి అది పట్టినట్టు లేదు.

తోటలో టీ పార్టీ పెట్టి, అందరూ ఒకరి గుట్టు ఒకరు రాబట్టే సన్నివేశం రాసే రచయితకి ఇలాంటి గిన్నె ఒక్కటి చాలదూ? ఎవరి బల్ల మీద ఏ చక్కెర ఉందో చూసి ఎవరు ఏ పక్షమో తెలిసిపోతుంది. ఆ లోకంలో బానిసత్వం పెట్టమని కాదు. పంచదార పెట్టాక అది ఏ ఓడలో, ఏ రేవుకి వచ్చిందో రచయితకి తెలిసి ఉండాలని.

ఈ ప్రశ్నను ఈ తరహా కథలు దాటేసే పద్ధతి ఒకటుంది. కొరియాలో వీటిని రొమాన్స్, ఫ్యాంటసీ రెండూ కలిపి ముద్దుగా "రోఫాన్" అంటారు. రోఫాన్‌లో కరెంటు పనంతా మాయారాళ్ళు చేస్తాయి. షాండ్లియర్ వెలిగేది వాటితో, స్నానానికి నీళ్ళు కాగేది వాటితో, దూరాలకి కబుర్లు వెళ్ళేది కూడా వాటితోనే. ఉత్తరాది డ్యూక్ అంత డబ్బున్నవాడెలా అయ్యాడంటే, అతని మంచుకొండల్లో ఈ రాళ్ళ గని ఉంది. నిజానికి ఇది తెలివైన ఏర్పాటు, ఇంధనం ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు దొరికింది. కానీ గని తవ్వే మనిషి ఎక్కడా కనపడడు. గని కట్నంగా వస్తుంది, దావాలో పోతుంది, పాత జన్మ జ్ఞాపకంతో కథానాయిక దాన్ని ముందే చౌకగా కొనేస్తుంది. లోపల పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల గురించి ఒక్క ప్యానెల్ ఉండదు.

స్నానం కూడా అంతే. డచెస్ గులాబీ రేకులు తేలే తొట్టిలో మెడదాకా మునిగి ఉంటుంది. అంత తొట్టికి 150 లీటర్ల నీళ్ళు పడతాయనుకుందాం. పది లీటర్ల బకెట్లు చేతికొకటి చొప్పున రెండు పట్టుకుంటే పనమ్మాయి ఎనిమిదిసార్లు మెట్లెక్కాలి. అంతకుముందు ఎవరో నీళ్ళు తోడి, కట్టెలు పేర్చి కాచాలి. అయ్యాక ఆ నీళ్ళన్నీ మళ్ళీ కిందికి మోయాలి. ఇది మాయతో జరిగిందా, పర్లేదు. మనుషులు చేశారా, అయితే ఆ మనుషులకి నడుంనొప్పి ఉంటుంది, అమ్మగారి మీద కోపం ఉంటుంది, గూఢచారులుగా డబ్బు తీసుకోవడానికి మంచి కారణం ఉంటుంది. రోఫాన్‌లో పనిమనిషి ఎప్పుడూ రెండే రకాలు: ప్రాణమిచ్చే నమ్మకస్తురాలు, లేదా గాజులు దొంగిలించే దుష్టురాలు. ఆ ఎనిమిది ట్రిప్పులు గుర్తుంటే మూడో రకం దానంతటదే పుడుతుంది.

స్నానం దగ్గరే ఇంకో చిక్కు కూడా ఉంది. రోఫాన్ అద్దంలా మెరిసే యూరప్‌ని చూపిస్తే, దానికి విరుద్ధంగా "నిజమైన మధ్యయుగం ఇదీ" అంటూ బురద, పేడ, పుచ్చిపళ్ళు, గోధుమరంగు గోనె బట్టలు గీసే కామిక్స్ ఇంకో వైపు ఉన్నాయి. వీటినే చాలామంది నిజాయితీ అనుకుంటారు. కానీ 13వ శతాబ్దపు పారిస్‌లో పాతికకి పైగా స్నానశాలలుండేవి. 1268 ప్రాంతంలో ఎటియెన్ బువాలో అనే నగరాధికారి వృత్తుల వారీగా నియమాలు రాయించాడు. అందులో స్నానశాలల వాళ్ళకి ఒక ఆంక్ష: తెల్లవారక ముందే "నీళ్ళు కాగాయహో" అని వీధుల్లో కేకలు వేయించకూడదు. ఆ కేక విని చీకట్లోనే లేచి బయల్దేరినవాళ్ళకి దారిలో ప్రమాదం. జనం స్నానం అంటే అంత ఎగబడేవారన్నమాట. ఆ స్నానశాలలు చాలావరకు మూతబడింది తర్వాత, ప్లేగు, సుఖరోగాల భయంతో, 16వ శతాబ్దంలో. పాతకాలం మురికిది, కొత్తకాలం శుభ్రమైనది అనే సరళరేఖ చరిత్రలో లేదు.

అప్పట్లో ఎవరూ నీళ్ళు తాగేవారు కాదట, బీరే తాగేవారట అన్న మాట కూడా అలాంటిదే. లండన్ నగరం 13వ శతాబ్దంలోనే ఊరి బయటి ఊటల నుంచి గొట్టాలు వేయించి మంచినీళ్ళు తెప్పించుకుంది. తాగనివాళ్ళు అంత ఖర్చెందుకు పెడతారు? చెడిపోయిన మాంసం వాసన కప్పడానికి మసాలాలు వాడేవారన్నది మరీ వింత. మాంసం కంటే మిరియాలు ఎన్నో రెట్లు ప్రియం. కుళ్ళిన కూర మీద కుంకుమపువ్వు చల్లేంత వెర్రివాళ్ళు ఎవరుంటారు?

ఇలాంటివి నమ్మడానికి కారణం మనం చరిత్ర చదివి కాదు, ఇంతకుముందు చూసిన సినిమాలు, ఆటలు, కామిక్స్ వల్ల. ఒక కథలో చూసిన మురికి రెండో కథకి ఆధారమవుతుంది. అందుకే స్నానశాల బొమ్మ వేసిన ఆర్టిస్టుని "అప్పట్లో ఇవెక్కడివి" అని నిలదీస్తారు, పేడ బొమ్మ వేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఆడవాళ్ళ మీద అత్యాచారాల సన్నివేశాలు గుప్పించి "చరిత్ర అలానే ఉండేది, ఏం చేస్తాం" అనే రచయితలది ఇంకో ఎత్తు. అదే కథలో సైనికులు బంగాళాదుంపలు ఉడకబెట్టుకు తింటుంటారు. దక్షిణ అమెరికా దుంప యూరప్ నేల మీదికొచ్చింది 16వ శతాబ్దంలో. జనం దాన్ని తినడానికి ఎంత మొండికేశారంటే, 1756లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దాన్ని నాటమని అధికారులకి ఉత్తర్వులే ఇవ్వాల్సొచ్చింది. దుంప విషయంలో లేని చరిత్ర భక్తి హింస విషయంలో పుట్టుకొస్తే, అది భక్తి కాదు, సాకు.

మళ్ళీ రోఫాన్‌కి వద్దాం. ఇందులో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది పెళ్ళి, విడాకులు, వారసత్వం. డ్యూక్ గారు ఒక కాగితం బల్ల మీద పడేసి "సంతకం పెట్టు, విడాకులు" అంటాడు. లేదా కథానాయికే ముందు ఆ కాగితం తెస్తుంది. ఏడాది ఒప్పందం మీద పెళ్ళి, గడువు తీరగానే భరణంతో వీడ్కోలు. యూరప్ లెక్కన చూస్తే ఇది దాదాపు ఏ కాలానికీ అతకదు. ఇంగ్లండులో 1857 దాకా పూర్తి విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకోవాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయాలి. ఆ దారిలో ఒకటిన్నర శతాబ్దంలో విడాకులు దక్కినవి 300 పైచిలుకు మాత్రమే, వాటిలో భార్యలు అడిగి సాధించుకున్నవి నాలుగు. ఫ్రాన్స్ విప్లవం వేడిలో 1792లో విడాకులు తెచ్చింది, 1816లో తీసేసింది, 1884లో మళ్ళీ ఇచ్చింది. కాథలిక్ దేశాల్లో "ఆ పెళ్ళి అసలు చెల్లదు" అని మతపెద్దల చేత చెప్పించుకోవడమే దారి.

మరి ఆ కాగితం ఎక్కడిది? సియోల్‌ది. ఇప్పటి కొరియాలో దంపతులిద్దరూ ఒప్పుకుని, కాగితాలు నింపి, ఫ్యామిలీ కోర్టులో ధ్రువీకరణ చేయించుకునే పద్ధతి ఉంది. టీవీ సీరియల్లో పెద్ద కంపెనీ వారసుడు భార్య ముందుకు నెట్టే కాగితమే డ్యూక్ చేతిలోకి వచ్చింది. ఇది తెలిశాక రోఫాన్ అంతా వేరేగా కనిపిస్తుంది. డ్యూక్ గారి వంశం బంధుబలగంతో నడిచే వ్యాపార సామ్రాజ్యం. చక్రవర్తి అంటే ప్రభుత్వం. టీ పార్టీ అంటే పెద్దింటి కోడళ్ళ సమావేశం. "ఇది యూరప్‌లో ఇలా ఉండేది కాదు" అన్న విమర్శ ఇక్కడ గురి తప్పుతోంది. కథ అద్దెకు తెచ్చుకుంది యూరప్ బట్టల్ని, లోపలి ఆచారాలు సొంత ఇంటివి.

వారసత్వం దగ్గర ఇది మరీ స్పష్టం. రోఫాన్‌లో పదేపదే వచ్చే పోరాటం కూతురు ఇంటిపెద్ద కావడం గురించి. తండ్రి, అన్నలు, దాయాదులు ఒప్పుకోరు. ఈమె అందరికంటే సమర్థురాలని నిరూపించి వంశపు ముద్ర చేజిక్కించుకుంటుంది. యూరప్‌లో బిరుదు కూతురికి రావడం అరుదే గానీ అసలు లేదని కాదు. మార్ల్‌బరో డ్యూక్‌కి కొడుకు మిగలకపోతే పార్లమెంటు చట్టం ప్రకారం 1722లో పెద్ద కూతురు హెన్రియెట్టా తన హక్కు మీదే డచెస్ అయింది. కానీ రోఫాన్ రచయితలు హెన్రియెట్టా గురించి ఆలోచిస్తున్నారని నేననుకోను.

కొరియాలో ప్రతి కుటుంబానికీ చట్టప్రకారం ఒక "ఇంటిపెద్ద" ఉండే రిజిస్టర్ పద్ధతి మొన్నమొన్నటిదాకా ఉంది. ఆ స్థానం తండ్రి నుంచి ముందు కొడుక్కి వెళ్తుంది. తల్లి బతికున్నా సరే, పాలు తాగే కొడుకే కాగితం మీద ఇంటికి పెద్ద. 2005లో రాజ్యాంగ న్యాయస్థానం ఇది రాజ్యాంగానికి సరిపడదని తేల్చింది. 2008 జనవరి 1 నుంచి ఆ పద్ధతి పోయింది. అదే 2005లో అక్కడి సుప్రీంకోర్టు, పెళ్ళయిన ఆడపిల్లలు కూడా వంశ సంఘాల్లో సభ్యులేనని తీర్పిచ్చింది. వంశ భూములు అమ్మితే వాటాలు పంచేది ఆ సంఘాలే కాబట్టి అది ఉత్తి గౌరవం కోసం జరిగిన దావా కాదు. ఇంకా వెనక్కి పోతే విచిత్రమైన సంగతి: కొరియాను పూర్వం ఏలిన చోసన్ రాజ్యం తొలి రోజుల్లో కూతుళ్ళకీ కొడుకులతో సమానంగా ఆస్తి వచ్చేది. 17వ శతాబ్దం నుంచి కన్ఫ్యూషియన్ కట్టుబాట్లు బిగిసే కొద్దీ అది పోయింది. అంటే కొరియా ఆడపిల్ల పోగొట్టుకున్నదాన్నే తిరిగి గెలుచుకుంటోంది. ఎక్కువగా ఆడవాళ్ళే చదివే కథల్లో, డచెస్ వేషంలో, అదే ఎపిసోడ్ల వారీగా నడుస్తోంది.

తెలుగువాళ్ళకి ఈ కథ కొత్తేం కాదు. ఉమ్మడి హిందూ కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు దేశమంతటికీ వచ్చింది కూడా 2005లోనే, సెప్టెంబరు 9న. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ఇరవయ్యేళ్ళ ముందే, ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి అది దక్కింది. చట్టం వచ్చాక ఎన్ని ఇళ్ళలో అక్కచెల్లెళ్ళ చేత "నాకేం వద్దు" అని సంతకాలు పెట్టించుకున్నారో మనకి తెలుసు. డ్యూక్ కూతురి దావా చదివి విజయవాడలోనో వరంగల్లోనో ఒకమ్మాయి అర్ధరాత్రి తర్వాతి ఎపిసోడ్‌కి డబ్బు కడుతోందంటే, ఆమెని అక్కడ కూర్చోబెట్టింది యూరప్ గౌను మీది లేసు ఒక్కటే కాదు.

మరి బొమ్మల్లో తప్పులెందుకు? బద్ధకం అనేస్తే తేలిక. వారానికొక ఎపిసోడ్, నిండు రంగుల్లో, ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ పోయే పొడవాటి పట్టీ. కొరియాలో దౌమ్ 2003లో, నేవర్ 2004లో, ఈ రెండు ఇంటర్నెట్ కంపెనీలూ వెబ్‌టూన్లు మొదలుపెట్టాక ఈ పరుగు పెరుగుతూనే ఉంది. రాజభవనం ప్రతిసారీ చేత్తో గీసే టైం ఎవరికీ లేదు. స్కెచప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచే 3డీ మోడల్స్ అమ్మకానికి దొరుకుతాయి. బాల్ రూం, తోట, గుర్రబ్బండి, టీ సెట్టు అన్నీ రెడీమేడ్. ఒకే షాండ్లియర్ మూడు వేరువేరు సామ్రాజ్యాల్లో వేలాడేది అందుకే. ఏ మోడల్ దొరికితే ఆ శతాబ్దమే ఆ ఇంటిది. చారిత్రక సలహాదారుని పెట్టుకునే వ్యవధి ఎక్కడుంది?

తెలుగులో జానపద లోకాలు గీసేవాళ్ళకి ఇదే బేరం వేరే రూపంలో ఎదురవుతుంది. చందమామ బొమ్మలతో పెరిగిన మనకి రాజు అంటే కిరీటం, స్తంభాల మండపం, వింజామర. అది ఏ శతాబ్దమో ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. కానీ రాజుగారి వంటింట్లో ఎండుమిరపకాయలు వేలాడదీసినా, ముని ఆశ్రమంలో జామచెట్టు వేసినా, అవి రెండూ అట్లాంటిక్ అవతల నుంచి వచ్చినవే. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నది 1510లో. అప్పటికి విజయనగరంలో కృష్ణదేవరాయలు గద్దెనెక్కి ఏడాదే అయింది. మన వంటకి కారం చాలాకాలం మిరియాలదీ పిప్పళ్ళదీ. మిరపకాయ గీయొద్దని నేననను. గీస్తే ఆ రాజ్యానికి ఒక రేవు ఉండాలి, రేవులో పరాయి వర్తకులుండాలి, వాళ్ళు దింపే సరుకుల మీద సుంకం వసూలు చేసే అధికారి ఉండాలి. విజయనగరానికి యుద్ధగుర్రాలు వచ్చింది ఓడల మీదే. గుర్రాల బేరం చెడితే యుద్ధమే చెడేది. మిరపకాయ ఒక్కటి పెట్టినందుకు కథకి ఇంత దొరుకుతోంది.

అసలు ఈ పని ఎలా చెయ్యాలో రాయలవారే చేసి చూపించారు. ఆముక్తమాల్యద కథ ఆయన కాలానిది కాదు, ఎన్నో వందల ఏళ్ళ వెనకటి శ్రీవిల్లిపుత్తూరుది. దేవుడు దిగి వచ్చి మాట్లాడే లోకం. అందులో విష్ణుచిత్తుడు రోజూ అతిథులకి అన్నం పెడతాడు. వానాకాలం వచ్చేసరికి ముసురు పట్టి కట్టెలు తడిసిపోయాయి. తడి కట్టె పొగ వదులుతుంది. అందుకని అతని భార్య కళ్ళలోకి పొగ రాకుండా కొబ్బరి చిప్పలు రాజేసి వండుతుంది. వడ్డించేవి వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, పోపు పెట్టిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, దండిగా నెయ్యి. ఆ జడివానలో తాజా కూరలు తక్కువ, అందుకే ఎండలో దాచిపెట్టిన వరుగులూ వడియాలూ విస్తట్లోకి వచ్చాయి. ఒక చక్రవర్తికి వంటింట్లో పొగ సంగతి ఎలా తెలిసిందో గానీ, తెలిసింది. వాన, తడి కట్టె, పొగ, చిప్పలు: ఒకదాని వెనక ఒకటి లాక్కొచ్చే ఈ వరసే నేను మొదట్నుంచీ అడుగుతున్న రెండో ప్రశ్నకి జవాబు.

కథలు అల్లేవాళ్ళ కోసం ఇంకొక్క వస్తువు చెప్పి ఆపేస్తాను. మన జానపద కామిక్స్‌లో రాకుమారి తాళపత్రం మీద నెమలి ఈకతో చకచకా ప్రేమలేఖ రాసేస్తుంది. నెమలి ఈక తాటాకు మీద నడవదు. ఇనప గంటంతో ఆకు మీద గీరాలి. గీరిన అక్షరాలు వెంటనే స్పష్టంగా కనపడవు, దీపపు మసో ఆకుపసరో రాసి తుడిస్తే గాట్లలో నలుపు నిలిచి అప్పుడు తేలతాయి. మసి రాయకుండా పంపిన ఉత్తరం చూసేవాడికి దాదాపు ఖాళీ ఆకే. దాన్ని కోట కాపలావాళ్ళు తిప్పి చూసి వదిలేస్తారు. అవతల అందుకున్నవాడికి మాత్రం దీపం దగ్గర వేలికి మసి అంటించుకోవాలని తెలిస్తే చాలు. గూఢచారి కథకి మొదటి ఎపిసోడ్ దొరికేసింది. ఇక రెండో ఎపిసోడ్‌లో ఆ మసి వేలి మీదే ఉండిపోయి అతణ్ణి పట్టించాలా వద్దా అన్నది రాసేవాళ్ళ ఇష్టం.